విడిది ఇంటి లైసెన్సు

మునిసిపల్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నా చేత పాత కబుర్లు చెప్పించుకుని పోవడం వాళ్ళకి సరదా. "మీ సర్వీసులో పెద్ద కేసు ఏది సార్?" అని అడుగుతారు. కలరా రోజుల గురించో, కల్తీ నూనె పట్టుకున్న సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి గానీ, అవి చెబుతుంటే నాకే ఆవలింతలు వస్తాయి. నేను చెప్పేది ఒక పెళ్ళి విడిది సంగతి. విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత "నిజంగా జరిగిందా సార్?" అంటారు. జరిగింది. మీలో ఎవరైనా రేపు ఏదో ఒక ఇంటికి లైసెన్సు ఇవ్వడానికి టేపు పట్టుకుని బయల్దేరతారు కదా, వాళ్ళ కోసం రాసి పెడుతున్నాను.

అరవైల్లో మాట ఇది. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా శిక్షణ ముగించుకుని తెనాలిలో ఉద్యోగంలో చేరాను. కొత్త సైకిలు, ఖాకీ నిక్కరు, జేబులో కొలత టేపు. పెళ్ళి కాలేదు. రూల్సు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే వయసు.

ఇప్పుడు మీకు ఫంక్షన్ హాళ్ళున్నాయి, వాటి మీదే ఏసీ గదులున్నాయి, ఫోన్లో వేలితో నొక్కితే ఏ ఊళ్ళో అయినా గది దొరుకుతుంది. ఆ రోజుల్లో పెళ్ళి ఆడపిల్ల వారింటి ముందు పందిట్లో జరిగేది. మగపెళ్ళివారు వస్తే దింపడానికి ఊళ్ళో ఇంకెవరిదో పెద్ద ఇల్లు రెండు మూడు రోజులకి అద్దెకు తీసుకునేవారు. అదే విడిది. తెనాలిలో అలా ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు చాలామంది ఉండేవారు. మాఘం నుంచి వైశాఖం దాకా ముహూర్తాలు పడితే వాళ్ళ గడపలకి పసుపు ఆరేది కాదు.

అంతకు ముందు ఏడాది ఒక విడిదిలో దిగిన పెళ్ళివారికి కొందరికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ, పెళ్ళికొడుకు తాళి కట్టి, పీటల మీద నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ పెళ్ళికి వెళ్ళిన కౌన్సిలర్లలో ఒకాయనకీ అదే గతి పట్టింది. దాంతో కౌన్సిల్లో తీర్మానం అయింది. లాడ్జీలకీ సత్రాలకీ లైసెన్సు ఉన్నట్టే, డబ్బు పుచ్చుకుని రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇల్లు ఏదైనా సరే రిజిస్టరు చేయించుకోవాలి. గోడలకి సున్నం వెయ్యాలి. మరుగుదొడ్డికీ బావికీ ఎడం ఉండాలి. ప్రతి గదికీ కిటికీ ఉండాలి. గది వైశాల్యాన్ని బట్టి అందులో ఎంతమంది పడుకోవచ్చో లెక్కగట్టి, ఆ సంఖ్య గుమ్మం మీద అందరికీ కనబడేలా రాయించాలి.

ఈ పని నా నెత్తిన పడింది. మా హెల్త్ ఆఫీసరు గారు పొట్టి మనిషి. నోట్లో ఎప్పుడూ వక్కపొడి నములుతుండేవారు, కోపం వస్తే నమలడం ఆపేసేవారు. "చూడవోయ్, రూలు అన్నాక అందులో అర అంగుళం కూడా అటూ ఇటూ జరగడానికి వీల్లేదు" అని నాకు మొదటి రోజే చెప్పారు. హెడ్ గుమాస్తా గారు మాత్రం నేను టేపు సర్దుకుని బయల్దేరినప్పుడల్లా, "ఏవయ్యా, పెళ్ళి కాకుండానే రోజుకో విడిది తిరుగుతున్నావు, ఎక్కడైనా పానకం ఇస్తే ఆఫీసుకో గ్లాసు పట్రా" అని ఆట పట్టించేవారు.

అలా తిరుగుతూ గంగానమ్మపేటలో ఒకావిడ ఇంటికి వెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయి ఆవిడకి. భర్త బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి చిన్న వయసులోనే పోయారు. ఆయన మిగిల్చింది ఆ ఇల్లొక్కటే. వీధి వైపు రెండు అరుగులు, వాటి వెనకే పొడుగాటి వరండా, వరండాలోకి తెరుచుకునే నాలుగు గదులు, పెరట్లో బావి, నాలుగు కొబ్బరిచెట్లు. కొడుకు బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. విడిదికి ఇచ్చినప్పుడల్లా ఆవిడ పెరట్లో వంటపాకలోకి మారిపోయేది. ఆ ఇంటి అద్దె మీదే వాళ్ళిద్దరి బతుకూ నడిచేది. నేను ఆవిణ్ణి అక్కయ్యగారూ అని పిలిచేవాణ్ణి.

ఆవిడ ఇల్లు చూశాక నా దగ్గరున్న రూల్సు చిన్నబోయాయి. మేం అడిగినవన్నీ ఆవిడ ముందే చేసి పెట్టుకుంది. కాచి చల్లార్చిన నీళ్ళు, వాటిలో వట్టివేళ్ళు, ఉతికిన జంబుఖానాలు, గదికో అద్దం, అద్దం దగ్గర దువ్వెన, గడ్డం గీసుకోవడానికి వేణ్ణీళ్ళ చెంబు.

"ఇంత శ్రద్ధ ఎందుకండి?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "విడిదంటే ఏంటనుకున్నారు బాబూ? వాళ్ళు అలగడానికే వస్తారు. అలగడానికి వాళ్ళకి కారణం దొరక్కుండా చూడ్డం నా పని. ఒకాయన దోమతెరకి చిల్లుందని అలిగాడండి. ఆ చిల్లు ఎక్కడుందో ఆయనే చూపించలేకపోయాడు. ఇంకోసారి పెళ్ళికొడుకు బాబాయిగారు కాఫీలో చక్కెర సరిపోలేదని అరుగు మీద కూచుని లేవలేదు. తీరా చూస్తే ఆయనకి చక్కెర జబ్బు, వాళ్ళావిడే కావాలని తగ్గించమంది."

నేను గదులు కొలిచాను. మూడు గదులకి లెక్క తేలిగ్గానే తేలింది. నాలుగోది తూర్పు కిటికీ ఉన్న గది, చూడముచ్చటగా ఉంటుంది, పెళ్ళికొడుకు కోసం ఉంచేది. దాని కొలత నలుగురికి కాస్త తక్కువైంది. ముగ్గురు అని కాగితం మీద రాసుకున్నాను. ఆవిడ పక్కనుంచి తొంగి చూసింది.

"బాబూ, నాలుగు రాయించండి."

"గది చాలదండి."

"పోనీ రెండు రాయించండి. పెళ్ళివారు దిగే గదికి మూడేంటండి?"

మూడు మన వాళ్ళకి పడదని నాకు తెలియక కాదు. సంబంధం చూడ్డానికి ముగ్గురు బయల్దేరితే మా నాయనమ్మ నాలుగోవాడిగా పాలేరునైనా తోలేది. అయినా రూల్సు పుస్తకం చదువుకున్నవాణ్ణి కదా, "ముగ్గురికి చోటుండగా ఇద్దరని రాస్తే అది తప్పు లెక్క అవుతుందండి. ప్రభుత్వానికి శకునాలుండవు" అన్నాను. ఈ మాట అనేసి నేను కొంచెం గర్వపడ్డాను కూడా. పెయింటరు వచ్చి తెల్లటి గోడ మీద, గుమ్మానికి సరిగ్గా పైన, నల్ల రంగుతో జానెడు అక్షరాలు రాశాడు: ముగ్గురు మాత్రమే.

వెళ్ళబోతూ లైసెన్సు ఎవరి పేరు మీద రాయాలని అడిగాను. ఆవిడ తన పేరు చెప్పింది. "పెళ్ళివారు దిగే వేళకి మీరు ఇక్కడుంటారా, లైసెన్సు చూపించడానికి?" అన్నాను.

"లేదండి. నేను వెనక్కి వెళ్ళిపోతాను. ఎదురింటి పిన్నిగారు ముత్తయిదువ, ఆవిడ హారతిచ్చి లోపలికి తీసుకొస్తారు. వాళ్ళు తిరిగి వెళ్ళేదాకా నేను వీధి వైపు రాను" అంది, కుళాయి ఎన్నింటికి వస్తుందో చెప్పినంత మామూలుగా. నేనూ అంతే మామూలుగా విని సైకిలెక్కాను.

లైసెన్సు వచ్చాక ఆ ఇంట్లో మొదటి పెళ్ళి వైశాఖంలో పడింది. పిల్ల తండ్రి దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారం చేసే ఆయన, కాపురం తెనాలి. మగపెళ్ళివారిది కాకుమాను వైపు, బాగా భూములున్న రైతు కుటుంబం. ఆ మధ్యాహ్నం నేను భోంచేసి గదిలో నడుం వాల్చాను. మా శానిటరీ మేస్త్రీ వచ్చి తలుపు బాదాడు.

"సార్, గంగానమ్మపేట విడిది దగ్గర పెళ్ళివారు వీధిలో నిలబడిపోయారండి. లోపలికి అడుగు పెట్టరంట. మిమ్మల్నే పిలుస్తున్నారు."

"నన్నెందుకు?"

"గుమ్మం మీద మూడు రాసిందెవరో వాణ్ణి తీసుకురమ్మన్నారండి."

చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ సైకిలు తొక్కాను.

వీధి వీధంతా జనం. రెండు బస్సులు ఎండలో ఆగి ఉన్నాయి. సన్నాయి ఆయన వాద్యం ఒళ్ళో పెట్టుకుని ఎదురింటి అరుగు మీద సోడా తాగుతున్నాడు. పెళ్ళికొడుకు గొడుగు కింద చెమటలు కక్కుతున్నాడు, కళ్ళ కాటుక కారి బుగ్గల మీదికి వచ్చింది. ఎదురింటి పిన్నిగారి హారతి పళ్ళెంలో కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది. వీళ్ళందరి ముందు, గుమ్మానికి అడ్డంగా, పెళ్ళికొడుకు పెద్ద మేనత్త నిలబడి ఉంది. భారీ మనిషి, పెద్ద బొట్టు, చేతిలో విసనకర్ర. గది ఎలా ఉందో చూసి వస్తానని అందరికంటే ముందు లోపలికి వెళ్ళి, ఆ అక్షరాలు చూసి, అంతే వేగంగా బయటికి వచ్చి ఊరేగింపుని ఆపేసిందట.

"ఏంటయ్యా, నువ్వేనా మూడు రాసింది?" అంది నన్ను చూసి.

"అవునండి."

"పెళ్ళయిందా నీకు?"

"లేదండి."

"అనుకున్నా" అంది, విసనకర్ర రెండో చేతిలోకి మార్చుకుంటూ.

పిల్ల తండ్రి నన్ను పక్కకి లాగాడు. ఆయన ఉత్తరీయం తడిసి ముద్దయింది. "వేరే ఇల్లు చూడమంటున్నారండి. ఈ ముహూర్తాల్లో ఊళ్ళో ఖాళీ ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఏదో ఒకటి చెయ్యండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది."

నేను సందులోంచి పెరట్లోకి పరిగెత్తాను. అక్కయ్యగారు బావి గట్టు దగ్గర నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "వాళ్ళు నా గడప దాకా వచ్చి తిరిగిపోతే ఇంక ఈ ఇంటికి ఎవరూ రారు బాబూ. పెళ్ళివారు వెనక్కి పోయిన ఇల్లని ఊరంతా చెప్పుకుంటారు. మావాడి చదువు ఆపించి తెచ్చుకోవాలి" అంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మళ్ళీ వీధిలోకి వచ్చాను. అప్పటికి జనం తలో ఉపాయం చెబుతున్నారు. దాని మీద ఒక తువ్వాలు కప్పేస్తే సరి అన్నాడొకాయన. "చూసిన కళ్ళకి కూడా కప్పుతావా?" అంది మేనత్త. మూడు చెరిపేసి రెండు రాయిస్తానన్నాను నేను. ఇదే మాట అక్కయ్యగారు చెప్పినప్పుడు విని ఉంటే సరిపోయేది. ఇప్పుడు మేనత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"శుభమా అని పెళ్ళికొస్తే ఉన్నదాన్ని తగ్గిస్తారా? ఎవరి ఇంట్లో అయినా పెళ్ళి పూట తగ్గించడం ఉంటుందా?"

వెనక ఉన్న ఆడవాళ్ళందరూ ఉండదన్నట్టు తలలూపారు. ఆవిడ చెప్పింది నిజమే. మన ఇళ్ళల్లో పెళ్ళి పూట బియ్యం అయిపోయాయని కూడా అనరు, నిండుకున్నాయంటారు.

"అయితే నాలుగు రాసెయ్యవయ్యా, ఓ మనిషి ఎక్కువైతే ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు పిల్ల తండ్రి.

రాసేద్దామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి పట్టుపంచెలో మా హెల్త్ ఆఫీసరు గారు దిగారు. ఆయన పిల్ల తండ్రికి పాత స్నేహితుడట, మగపెళ్ళివారిని ఆహ్వానించడానికి వచ్చారు. సంగతంతా విన్నారు. వరండాలోకి వెళ్ళి గుమ్మం పైన రాసింది చదివారు. గదిలోకి తొంగి చూశారు. వక్కపొడి నమలడం ఆపేశారు.

"నలుగురికి కుదరదు" అన్నారు.

అంటే మూడు ఉండకూడదు, రెండు చెయ్యకూడదు, నాలుగు కుదరదు. ఎండ నెత్తి మాడుస్తోంది. ఇన్నాళ్ళు చదివిన చదువులో ఈ మూడింటికీ మధ్యన ఇంకో అంకె ఎక్కడుందో నాకు తోచలేదు. ఇంతలో పెళ్ళివారిలో ఒకామె చంకలో పసిపిల్ల దాహానికి గుక్కపెట్టింది. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆ పిల్ల నీళ్ళు తాగుతుంటే చూస్తూ నిలబడ్డాను. చూస్తుండగానే లాడ్జీల రూల్సులో ఒక వాక్యం గుర్తొచ్చింది. గదిలో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు చిన్నపిల్లలు ఇద్దర్ని కలిపి ఒక పెద్దమనిషిగా లెక్కెయ్యాలి.

ఆఫీసరు గారి చెవిలో చెప్పాను. ఆయన దవడలు మళ్ళీ మెల్లగా కదిలాయి. "కుదురుతుంది" అన్నారు.

పెయింటర్ని పిలిపించే వ్యవధి లేదు. పెరట్లో ఇంటికి వేయించిన సున్నం ఇంకా కుండలో ఉంది. మేస్త్రీ కుంచెతో పాత అక్షరాల మీద తెల్లగా పూసేశాడు. అంతవరకూ బాగానే ఉంది, రాయడానికి రంగు ఏది? నేను దిక్కులు చూస్తుంటే వెనక తలుపు సందులోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. ఆ చేతిలో చిన్న ఇత్తడి గిన్నె, గిన్నెలో పారాణి. పెళ్ళికొడుకు కాళ్ళకి పెట్టడానికి పసుపూ సున్నం కలిపి ఎర్రగా చేసి ఉంచింది. అక్కయ్యగారి చెయ్యి అది.

స్టూలెక్కి, కొబ్బరి ఈనెకి దూది చుట్టి, నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ రిపోర్టూ రాయలేదు. తడి సున్నం మీద పారాణి కాస్త పాకింది గానీ అక్షరాలు స్పష్టంగానే వచ్చాయి. పెద్దలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు.

మేనత్త వరండాలోకి వచ్చి కళ్ళు చికిలించి పైకి చదివింది. నోట్లోనే ఇంకోసారి చదువుకుంది. లెక్క నాలుగు. రాసింది పారాణితో. గది పెళ్ళికొడుకుది. ఆవిడ ముఖం మెల్లగా విప్పారడం నేను స్టూలు మీద నుంచి చూశాను.

"బానే ఉంది" అంది. మళ్ళీ ఏదో అనుమానం వచ్చింది. "పిల్లలు ఇద్దరేనా?"

ఆ రోజుల్లో గోడల మీద ఎర్ర త్రికోణం గుర్తు కొత్తగా వస్తోంది. మా శాఖ వాళ్ళం ఇంటింటికీ తిరిగి కుటుంబ నియంత్రణ గురించి చెప్పాలని పై నుంచి ఒత్తిడి. మా ఆఫీసరు గారు అవకాశం దొరికితే వదిలే మనిషి కాదు. గొంతు సవరించుకుని, "ప్రభుత్వం వారు కూడా అదే చెబుతున్నారమ్మా" అన్నారు.

"ప్రభుత్వం వారిని ఈ రెండు రోజులూ ఆ గది వైపు రావద్దని చెప్పండి" అంది మేనత్త.

వీధంతా నవ్వింది. పెళ్ళికొడుకు గొడుగు చాటుకు తల దాచుకున్నాడు. సన్నాయి ఆయన సోడా సీసా పక్కన పెట్టి లేచాడు. పిల్ల తండ్రి అక్కడే అరుగు మీద కూలబడి ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. నాకైతే స్టూలు మీద నుంచి దిగాలనే గుర్తు రాలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మేనత్త గదిలోకి వెళ్ళి, వట్టివేళ్ళ నీళ్ళు గ్లాసుడు తాగి, అద్దం చూసి, జంబుఖానా చేత్తో తడిమి బయటికొచ్చింది. "ఇంత పద్ధతిగా పెట్టిన ఆవిడ ఏదీ? ఇంటావిడ ఎవరు? ఒకసారి పిలవండి" అంది.

ఎదురింటి పిన్నిగారు హారతి పళ్ళెం సర్దుకుంటూ, "ఆవిడ రారండి. ఆవిడ..." అని ఆపేసింది. ఆ తర్వాత మాట ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరికీ అర్థమైంది. వెనక తలుపు సందు మూసుకోవడం నాకు వినబడింది.

నాకు ఒళ్ళు మండింది. దేని మీద మండిందో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి. ఇంతసేపూ ఆ గుమ్మం కోసం మేమంతా కొట్టుకుంటున్నాం. ఆ గుమ్మం గల మనిషి ఒక్కతే అక్కడ ఉండకూడదు. స్టూలు దిగి, ఆఫీసులో నోటీసు చదివే గొంతుతో అన్నాను.

"రావాలండి. లేకపోతే కుదరదు. లైసెన్సుదారు గుమ్మంలో నిలబడి, బసకి వచ్చినవాళ్ళని తనే లోపలికి తీసుకువెళ్ళాలి. అలా చెయ్యకపోతే లైసెన్సు చెల్లదు. రూలుంది."

అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకూ తెలియదు. అర అంగుళం జరగని మనిషి పట్టుపంచెతో నా పక్కనే నిలబడి ఉన్నారన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. అందరూ ఆయన వైపు చూశారు. నేను మాత్రం చూడలేదు, నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఆయన వక్కపొడి నమలడం ఆగిన చప్పుడు వినబడినట్టే అనిపించింది.

"ఉంది" అన్నారాయన. "ఖచ్చితంగా పాటించాలి."

మేస్త్రీ వెళ్ళి అక్కయ్యగారిని తీసుకొచ్చాడు. ముతక చీర, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మం దాకా వచ్చి ఒక పక్కకి ఒదిగి, తలుపు రెక్కకి ఆనుకుని నిలబడింది. ఎవరి ముఖమూ చూడలేదు. ఆవిడకి కోపం వస్తుందేమో, నలుగురిలో నిలబెట్టానని నన్ను ఎప్పటికీ క్షమించదేమో అని అప్పుడు భయమేసింది నాకు.

మేనత్త ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది. మూడు అంకెకే రెండు బస్సుల జనాన్ని ఆపేసిన మనిషి.

"రూలంటే ఏం చేస్తాం" అంది మేనత్త చివరికి, వెనకున్న తన వాళ్ళందరికీ వినబడేలాగా. తర్వాత గొంతు తగ్గించి, "నీ ఇల్లు చాలా బాగుందమ్మా. పక్కకెందుకు నిలబడతావు? ముందు నువ్వు నడు, మేం వస్తాం" అంది.

అక్కయ్యగారు ముందు నడిచింది. ఆవిడ వెనక హారతి పళ్ళెంతో పిన్నిగారు, ఆ వెనక మేనత్త, కాటుక కారిన పెళ్ళికొడుకు, కాకుమాను జనం అంతా. సన్నాయి అందుకుంది. నేనూ మా ఆఫీసరు గారూ వీధిలో ఎండలో మిగిలిపోయాం. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ దాచుకోలేదు.

మర్నాడు ఆఫీసులో ఆయన నన్ను పిలిచారు. "నిన్న నువ్వు చెప్పిన రూలు ఏ సెక్షనయ్యా?"

"లేదండి."

"లేదని నాకు తెలీదా? ఏ సెక్షన్ కింద చేర్చాలో చెప్పు. నేను ఉందన్నాక ఉండి తీరాలి కదా."

లైసెన్సుకి షరతులు పెట్టే అధికారం ఉండనే ఉంది. ఆ వారంలోనే విడిది ఇళ్ళ షరతుల్లో అదీ చేరింది. హెడ్ గుమాస్తా గారు దాన్ని చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "దీనివల్ల ఏ రోగం తగ్గుతుందయ్యా?" అన్నారు. జవాబు ఆయనకి అక్కర్లేదనుకుంటా, నవ్వుతూ సంతకానికి పంపారు.

అక్కయ్యగారికి కోపం రాలేదు. ఆ పెళ్ళి తర్వాత నేను ఆ వీధిలో వెళుతుంటే పిలిచి, ఇంత పెద్ద గ్లాసు పానకం ఇచ్చింది. పెళ్ళికొడుకు గది గుమ్మం మీద పారాణి అక్షరాల మీద పెయింటరు చేత ఎర్ర రంగే వేయించింది. ఊళ్ళో ఆ గదికి మంచి పేరు వచ్చింది. ముహూర్తాలు పెట్టుకునే ముందే ఆ ఇల్లు ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవాళ్ళు. ఆవిడ కొడుకు చదువు పూర్తి చేశాడు.

తర్వాత నాకు బదిలీలు వచ్చాయి. బాపట్లలో కొన్నేళ్ళు చేశాను. అక్కడ కార్తీక మాసంలో సముద్ర స్నానాలకి వచ్చే జనానికి పాకలు అద్దెకిచ్చే బెస్తవాళ్ళతో నా పాట్లు వేరే కథ. "ఈ పాకలో ఎంతమంది పడతారు?" అని ఒకావిణ్ణి అడిగితే, "వర్షమొస్తే అందరూ పడతారండి" అంది. ఆ పాకకి ఏ అంకె రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

డెబ్భైల్లో రేపల్లెకి మారాను. చేరిన కొద్ది రోజులకి ఒక విడిది ఇంటిని తనిఖీ చెయ్యాల్సి వచ్చింది. పడవలూ చేపల వ్యాపారమూ ఉన్న కుటుంబానిది ఆ ఇల్లు. ఇంటి పెద్దాయన పోయి చాలా కాలమైంది, ఆయన భార్యే అన్నీ చూసుకుంటోంది. నేను వెళ్ళేసరికి మగపెళ్ళివారి బస్సు అప్పుడే వచ్చి ఆగింది. ఆవిడ బొట్టు లేని ముఖంతో, ఉతికిన తెల్ల చీరతో గుమ్మానికి నడి మధ్యన నిలబడి ఉంది. పక్కకి ఒదగలేదు. "రండి బాబూ, రండమ్మా" అంటూ పెళ్ళికొడుకుని పిలిచి, తనే ముందు నడిచి అందర్నీ లోపలికి తీసుకెళ్ళింది. ఎవరూ ఆగలేదు, ఎవరూ వింతగా చూడలేదు.

రేపల్లె షరతుల్లో అలాంటిదేమీ లేదు, ముందు రోజే చదువుకుని వచ్చాను. సందడి సద్దుమణిగాక ఆవిణ్ణి అడిగాను.

"అమ్మా, ఇంటివాళ్ళే ముందు నడిచి తీసుకువెళ్ళాలని మీకు ఎవరు చెప్పారండి? మునిసిపాలిటీ వాళ్ళా?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఈ వయసొచ్చి, ఇంత ఉద్యోగం చేస్తూ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

"మునిసిపాలిటీకీ దీనికీ సంబంధం ఏంటండి? ఇది పూర్వం నుంచీ వస్తున్న ఆచారం. ఇల్లు ఎవరిదైతే వాళ్ళే ముందు నడవాలి. లేకపోతే పెళ్ళికి మంచిది కాదండి" అంది.

తెలియదండి, ఇప్పుడు తెలుసుకున్నాను, అన్నాను. టేపు జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పి, ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళాను.